చెవులాయప్ప యుద్ధానికి ఎందుకు పోలేదు

కర్నూలు రాజధాని అయిన ఏడాది నేను ఆదోనిలో ఏడు నెలలు మంచం పట్టి ఉన్నాను. క్షయ. అప్పటికి నాకు ఇరవై నాలుగేండ్లు, పెండ్లయి రెండేండ్లు. ఎమ్మిగనూరులో మా నాయన మగ్గం పక్కనే నా మగ్గం. ఒకరోజు పొద్దున గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తా ఉంటే దగ్గు వచ్చింది. మగ్గం మీది తెల్ల గుడ్డ మీద ఎర్రగా పడింది. మా నాయన లేచి వచ్చి చూసినాడు. తడిగుడ్డ తెచ్చి తుడిస్తే మరక ఇంకా పాకింది. అప్పుడు అక్కడే కూర్చుని ఏడ్చినాడు. మధ్యాహ్నం బస్సుకు నన్ను ఆదోనికి పిల్చుకపోయినాడు.

ఊరి బయట, పత్తి మిల్లులన్నీ దాటినాక, మాలాంటివాళ్ల కోసం వేసిన రేకుల షెడ్డు ఉండేది. ఎనిమిది మంచాలు. ఒక్కో మంచం కింద మూత ఉన్న ఉమ్మి డబ్బా. పొద్దున సూది, గుడ్డు, పాలు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మూడు గంటలు కదలకుండా పండుకోవాల. మాట్లాడకూడదు, నవ్వకూడదు. ఎండాకాలం ఆ రేకుల కింద మూడు గంటలంటే మూడు రోజుల లెక్క.

నా ఎడమ పక్క మంచం హాలహర్వి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ముసలాయనది. కన్నడం కలిపి మాట్లాడేవాడు. కుడి పక్క ఆస్పరి దిక్కు నుంచి వచ్చిన కూలి మనిషి. ఆ షెడ్డులో పేర్లు లేవు. ఎవరు ఏ ఊరి నుంచి వస్తే అదే వాళ్ల పేరు. నేను ఎమ్మిగనూరు, ముసలాయన హాలహర్వి తాత, కుడి పక్క మనిషి ఆస్పరి అన్న.

హాలహర్వి తాత నలభై ఏండ్లు బండి తోలినాడు. పొద్దస్తమానం ఎద్దులతో మాట్లాడతా బతికిన మనిషి. నోరు మూసుకోమంటే, జబ్బు కంటే అదే ఆయనకు ఎక్కువ బాధ అయ్యింది. ఒక మధ్యాహ్నం తనలో తనే మొదలుపెట్టినాడు. ఒక బండాయన ఉండాడంట. ఆయన ఎద్దులకు దోవ అక్కర లేదంట, గాలి మీద నడుస్తాయంట. నాలుగు మాటలు చెప్పేసరికి దగ్గు వచ్చింది. రొప్పుతా, తక్కింది నువ్వు చెప్పమని నాకు చేత్తో సైగ చేసినాడు.

నాకు ఎద్దుల సంగతి ఏం తెలుసు? నాకు తెలిసింది నూలు. అందుకని, ఆ బండికి ఒక మనిషి అడ్డం వచ్చినాడని చెప్పినాను. ఆయన అరచేతిలో నుంచి పోగు లాగితే ఎంత లాగినా అయిపోదు, ఏనుగును కట్టినా తెగదు. ఆ నూలాయన బండి ఎక్కినాడు. అంతటితో నాకూ ఊపిరి చాలలేదు.

తాత కండ్లు మెరిసినాయి. “అంటే మీవాడు, మావాడు ఒక్కటే దేశంలో ఉండారా?”

“ఉంటే ఏమి తాతా?”

“ఉంటే మంచిదే. నాకు దగ్గు వస్తే నువ్వు తోలొచ్చు.”

అట్ల మొదలైంది. మాలో ఒక్కడికీ కథ మొత్తం చెప్పేంత ఊపిరి లేదు. ముగ్గురి ఊపిరి కలిస్తే ఒక కథ అయ్యేది.

మూడోవాడు పది దినాలు వింటా ఊరికే పండుకున్నాడు. ఆస్పరి అన్నకు ముప్పై ఐదేండ్లు ఉంటాయి. పొడుగు మనిషి, చేతులు పారల మాదిరి ఉండేవి. తినేముందు కండ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి అన్నాడు: “నాకూ ఒకడు ఉండాడు.”

“ఏం శక్తి ఆయనకు?” అని తాత అడిగినాడు.

“నేలకు సెవి పెడితే కింద ఏముందో ఇనిపిస్తాది. నీళ్లు, రాయి, వేర్లు. ఏడు నిలువుల లోతు దాకా.”

“కొట్లాడతాడా?”

“కొట్లాడడు.”

“మరి ఏం సేస్తాడప్పా?”

“ఇంటాడు.”

తాతకు నవ్వు ఆగలేదు. “సరేలే, బండి ఎక్కించుకుందాం. ఇరుసు కిర్రుమంటే సెప్తాడు” అన్నాడు. నర్సమ్మ వచ్చి ముగ్గురినీ తిట్టిపోయింది. ఆ మనిషికి చెవులాయప్ప అని పేరు పెట్టింది తాతే.

మా కట్టుబాట్లు జగడాల్లోనే పుట్టినాయి. ఒకసారి నేను బండాయన ఎద్దును ఒకదాన్ని చంపేసినాను, కథ రంజుగా ఉంటుందని. తాత రెండు పూటలు నాతో మాట్లాడలేదు. అప్పటి నుంచి ఒకరి వీరుణ్ణి ఇంకొకరు వాడుకోవాలంటే అడగాల. వాని గుణం మార్చకూడదు. వాని ప్రాణం తీయకూడదు. ఇంకొకటి కూడా, ఒకసారి చెప్పింది చెప్పినట్టే. మరుసటి రోజు వచ్చి అది జరగలేదు అనకూడదు.

రాక్షసుణ్ణి మాత్రం ముగ్గురం కలిసి చేసినాం. ఆ రెండు మూడేండ్లు మా సీమలో వానలు లేవు. గంజి కేంద్రాల ముందర నిలబడి వచ్చినవాళ్లమే ముగ్గురం. అందుకని మా రాక్షసుడు మబ్బుల్ని పట్టేవాడు. ఆదోని మిల్లుల్లో దూదిని ప్రెస్సులో తొక్కి బేళ్లు కట్టినట్టు, మబ్బుల్ని తొక్కి బేళ్లు కట్టి గోడౌన్లో పేర్చుకునేవాడు. ఆ బేళ్లు ఎట్ల విప్పించాలన్నదే మా కథ.

ఇప్పుడు తలుచుకుంటే కథ కంటే ఆ కథ గురించి మేము చేసిన వాదనలే ఎక్కువ గుర్తున్నాయి. వాడు మబ్బుల్ని ఎందుకు దాచినాడు అన్నదాని మీద నాలుగు దినాలు మాట్లాడుకున్నాం.

“ఆశ. ఇంకేముంది?” అన్నాడు తాత.

“ఆశ అయితే అమ్ముకుంటాడు గదా. వీడు అమ్మేదీ లేదు, వాడుకునేదీ లేదు” అన్నాను నేను.

ఆస్పరి అన్న పైన రేకుల వైపు చూస్తా అన్నాడు: “వానకు వాని ఇల్లు కూలి ఉంటాది. లోపల ఎవురో ఉండి ఉంటారు. ఇంక వాన అనేదే వద్దనుకున్యాడు.”

“రాక్షసునికి గూడా కారణం కావాల్నా?”

“కావల్ల తాతా. ఊరికే ఎవురూ సెడ్డపని సెయ్యరు.”

తాత ఒప్పుకోలేదు. నాకు మాత్రం ఆ మాట ఒంట్లో దిగినట్టు అయ్యింది. మరుసటి రోజు నుంచి మా రాక్షసుడు గోడౌన్లో ఒంటరిగా కూర్చునేవాడు, బేళ్ల మీద చెయ్యి వేసి. అట్ల చెప్పింది నేనే.

అయినా నా వయసు అట్లాంటిది. నాకు యుద్ధం కావాల. నూలాయన పోగుతో రాక్షసుణ్ణి చుట్టేస్తాడు, బండాయన ఎద్దులతో తొక్కిస్తాడు. వాడు యాడ దాక్కున్నాడో చెవులాయప్ప చెప్తే చాలు. ఎన్నిసార్లు అడిగినా ఆస్పరి అన్న చెప్పనిచ్చేవాడు కాదు.

“మావాడు పోడు తమ్ముడా.”

“ఎందుకు పోడు? భయమా?”

“భయం గాదు.”

“మరి?”

“పోడంతే. బావులు సూపిస్తా తిరుగుతాడు. ఈడ నీళ్లు పడతాయి, ఈడ తవ్వొద్దు అని సెప్తా పోతాడు.”

శక్తి ఉండి కూడా యుద్ధానికి పోనివాడు వీరుడెట్ల అవుతాడని నేను ఎగతాళి చేసినాను.

ఆ వారమే ఆయనకు జ్వరం ఎక్కింది. రక్తం పడింది. మూలమంచానికి మార్చి చుట్టూ తెర కట్టినారు. తొమ్మిది దినాలు ఆయన్ను మేము చూడలేదు, దగ్గు వినడమే. ఆ తొమ్మిది దినాల్లో నేను చేసిన పని ఇప్పటికీ నన్ను వదలలేదు.

ఆయన లేడు గదా అని చెవులాయప్పను నేను తీసుకున్నాను. తాత వద్దన్నాడు. “అడగకుండా బేడప్పా” అని రెండుసార్లు అన్నాడు. నేను వినలేదు. నా కథలో చెవులాయప్ప నేలకు చెవి పెట్టి, గోడౌన్ కింద నేల బోలుగా ఉందని కనిపెట్టినాడు. నూలాయన పోగు వేసి స్తంభాలు లాగినాడు. నేల కుంగింది, రాక్షసుడు పూడిపోయినాడు. అంతటితో ఆపి ఉంటే ఏమో. ఇంకా బాగుండాలని ఒక మాట కలిపినాను: రాక్షసుడు మట్టి కింద నుంచి అరుస్తా ఉంటే చెవులాయప్ప పైన పండుకుని, నేలకు చెవి పెట్టి, ఆ అరుపు ఆగిపోయేదాకా విన్నాడు.

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, ఆస్పరి అన్నను మళ్లీ నా పక్క మంచానికి తెచ్చిన రోజే చెప్పినాను. మనిషి సగమైనాడు. నవ్వుతా వినడం మొదలుపెట్టినాడు. మీ చెవులాయప్ప వల్లనే గెలిచినాం అన్నాను. అరుపు ఆగిపోయేదాకా విన్నాడు అన్నాను.

ఆయన ముఖంలో నవ్వు పోయింది. గోడ వైపుకు తిరిగి పండుకున్నాడు. భుజాలు అదురుతాన్నాయి. దగ్గు అనుకుని నర్సమ్మను పిలిచినాను. ఆమె వచ్చి చూసి, నెమ్మదిగా దుప్పటి కప్పి పోయింది.

రెండు దినాలు మాట లేదు. మూడోనాడు పొద్దున, షెడ్డు ముందర ఎండలో మమ్మల్ని కూర్చోబెట్టినప్పుడు ఆయనే చెప్పినాడు. ఊపిరి కోసం ఆగుతా, ఆగుతా.

“మాకు ఒక ఎకర సేను ఉండాది. కరువులో నేను, మా తమ్ముడు బావి తవ్వినాం. పద్నాలుగు అడుగులు పోయినాం. ఆ పొద్దు వాడు కింద, నేను పైన మట్టి తోడతా ఉండా. పక్క గోడ జారి పడింది.”

తాత తలపాగ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“నేలకు సెవి పెట్టినా. ఇనిపించింది. అన్నా అన్నా అని. తవ్వినా. మళ్లీ సెవి పెట్టినా. మళ్లీ తవ్వినా.” అక్కడ ఆగినాడు. “ఆ సప్పుడు ఎట్ల నిలిసిపోతాదో నాకు తెలుసు తమ్ముడా. నువ్వు సరిగ్గానే సెప్పినావు.”

ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. ఒకరినొకరు ముట్టుకోకూడదు అన్న కట్టడి ఉండేది అక్కడ. కూర్చున్న చోటే ఏడ్చినాను.

మధ్యాహ్నం చెప్పినాను: “అన్నా, ఆ కథ కొట్టేద్దాం. నేల కుంగలేదు. ఎవరూ పూడిపోలేదు.”

“లేదు. సెప్పింది సెప్పినట్టే. మనం పెట్టుకున్నదే గదా.”

“అయితే కింద గాలి ఆడే సందు ఉందని చెప్దాం. వాడు బతికే ఉండాడని.”

ఆయన ఆలోచించినాడు. “బతికే ఉండాడని నేను సెప్పలేను. సచ్చినాడనీ సెప్పలేను. తవ్వుతాడని సెప్తా” అన్నాడు.

“రాక్షసుణ్ణి తవ్వి తీస్తాడా?” తాత అడిగినాడు. “వాడు మన శత్రువు గదప్పా.”

“మట్టి కింద ఉన్నోడు ఎవురికి శత్రువు తాతా?”

ఆ తర్వాత పదకొండు దినాలు కథంతా తవ్వడమే. యుద్ధం లేదు, ఎగరడం లేదు. ఆస్పరి అన్న రోజుకు మూడు నాలుగు మాటలు చెప్పేవాడు. ఈ పొద్దు ఒక మూర పోయినాడు. ఈ పొద్దు బండ తగిలింది, పక్క నుంచి పోయినాడు. నూలాయన పోగు కిందికి దించి మట్టి గంపలు లాగినాడు. బండాయన మట్టిని ఎత్తి దూరంగా పోసి వచ్చినాడు. పోసే చోటు గురించి కూడా ఆస్పరి అన్న జాగ్రత్త చెప్పేవాడు, అంచున పోస్తే బరువుకు గోడ జారుతుందని. ఆయన చెప్తా ఉంటే ఎదుటి మంచాలవాళ్లు కూడా తల ఎత్తి వినేవాళ్లు. పార యెట్ల పట్టాలో, యాడ ఆగాలో, యాడ చెవి పెట్టాలో అంత వివరంగా చెప్పేవాడు.

పన్నెండోనాడు పొద్దున పాలు తాగినాక ఆయన చచ్చిపోయినాడు. గ్లాసు కింద పెట్టినాడు, దగ్గినాడు, అంతే. నర్సమ్మ పరిగెత్తి వచ్చేసరికి అయిపోయింది.

వాళ్ల పల్లెకు కబురు చేరేసరికి రెండు దినాలు పట్టింది. ఎండాకాలం, అట్లాంటి జబ్బు. పాస్టరు వచ్చి ప్రార్థన చేస్తే ఆదోనిలోనే పూడ్చినారు. ఆయన భార్య వచ్చేటప్పటికి మంచం కడిగి ఎండకు పెట్టి ఉన్నింది. బట్టలు కాల్చేసినారు. ఆయన అన్నం తిన్న సత్తు తట్ట ఒకటి వేడినీళ్లలో ఉడికించి ఆమె చేతికి ఇచ్చినారు.

ఆమె వాకిట్లో నిలబడి అడిగింది: “ఎమ్మిగనూరన్న ఎవురు?”

“నేనేనమ్మా.”

“మీ గురించి జాబులో రాయించినాడు. కథలు సెప్పుకుంటామని.” దగ్గరికి రావద్దని నర్సమ్మ అంటున్నా వినకుండా మా మంచాల ముందర నేల మీద కూర్చుంది. “ఏం కథ అది?”

చెప్పినాను. నేను చేసిన తప్పుతో సహా చెప్పినాను. ఆమె తట్ట ఒళ్లో పెట్టుకుని విన్నది. తవ్వే దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తి అడిగింది.

“బయటికి తీసినాడా?”

తాత నా వైపు చూసినాడు. తీసినాడని చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది. కానీ బతికే ఉండాడని ఆయన చెప్పలేనన్నది గుర్తొచ్చింది.

“ఇంకా లేదమ్మా. తవ్వుతానే ఉండాడు.”

ఆమె తల ఊపింది. “అట్లనే సేసినాడు. మూడోనాడు మరిది పీనుగను తీసినాం. అందాక ఎవురు ఆగమన్న్యా ఆగలేదు. బావిని పూడ్సేసినాక గూడా, సేనుకు పోయినోడు నేల మీద పండుకుని సెవి పెట్టేటోడు. నేను పోయి లేపుకొని వచ్చేదాన్ని. ఎన్నిసార్లు పోయుంటానో.”

కొంగుతో ముఖం తుడుచుకుంది. మళ్లీ అన్నది: “సాలని సెప్పుండి.”

“ఎవరికమ్మా?”

“ఆ కథలో ఆయనకు. తవ్వింది సాలు, ఇంటికి రమ్మన్న్యానని సెప్పుండి.”

ఆమె పోయింది. మరుసటి మధ్యాహ్నం తాతను అడిగినాను, చెప్దామా అని.

“ఆయన వీరుణ్ణి మనం ముట్టకూడదు గదా.”

“ఆయన పోయినాక ఆమెవాడే గదా తాతా. ఆమే చెప్పింది.”

“హౌదు, ఆమెవాడే” అన్నాడు తాత.

నేనే మొదలుపెట్టినాను. చెవులాయప్ప పార కింద పెట్టినాడు. గుంతలో నుంచి ఎక్కి వచ్చినాడు. చేతులు, కాళ్లు కడుక్కున్నాడు. బండి ఎక్కినాడు. వెనక్కు చూడకుండా పోయినాడు.

“సూసినాడు” అన్నాడు తాత. “సూడకుండా యెట్ల పోతాడప్పా? ఒకసారి సూసినాడు. ఎద్దులను నేను ఆపినా. సూసుకున్యాక తోలినా.”

ఆ పైన ఇద్దరికీ చెప్పబుద్ధి కాలేదు. గోడౌన్లో మబ్బులు అట్లనే ఉండిపోయినాయి. ఖాళీ అయిన మంచానికి వచ్చిన కొత్త మనిషి, ఎదుటివాళ్ల దగ్గర సగం కథ విని, మబ్బులు ఏమైనాయని అడిగినాడు. తెలీదు అని చెప్పినాం.

ఆషాఢంలో తాత కొడుకులు బండి కట్టుకుని వచ్చినారు. ఇంటికి పిల్చుకపోండి అని డాక్టరు చెప్పినాడంటే అర్థం ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. బండిలో గడ్డి పరిచి పండుకోబెట్టినారు. నేను వాకిలి దాకా పోయినాను. “మా బండాయనతో నీ ఇష్టం వచ్చింది సేయించుకో. యుద్ధానికి మాత్రం తోలద్దు” అన్నాడు తాత. దసరాలోపే పోయినాడని, ఆదోనికి పత్తి తెచ్చిన వాళ్ల ఊరి బండ్లవాళ్లు చెప్పినారు.

నాకు జబ్బు నయమైంది. ఎందుకు నాకే నయమైందో నాకు తెలీదు. ముగ్గురికీ అదే సూది, అదే పాలు. ఇంటికి వచ్చినాక సంవత్సరం మగ్గం ముట్టద్దన్నారు. మా ఆవిడ పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టినాను. ఆస్పత్రిలో ఏం చేసేవాళ్లని ఆమె అడిగితే, పండుకునేవాళ్లం అని చెప్పినాను.

నాలుగేండ్లకు, అద్దకం పని మీద ఆ దిక్కు పోయినప్పుడు, ఆస్పరిలో బస్సు దిగి అడుక్కుంటా వాళ్ల పల్లెకు పోయినాను. ఆమె వేరుశెనగ చేనులో కూలికి పోయింటే అక్కడికే పోయినాను. కాయలు పీకుతా ఉన్నింది. మొదట గుర్తు పట్టలేదు. ఎమ్మిగనూరు అన్నాక లేచి నిలబడింది. వెంట్రుకలు నెరిసినాయి.

“బాగుండారా అన్నా? దగ్గు లేదా?”

“లేదమ్మా.”

“మంచిది.”

కథ సంగతి ఆమె అడగలేదు. నేనూ ఎత్తలేదు. మేస్త్రీ అరిచినాడు. ఆమె వంగి రెండు చెట్లు పీకి, మట్టి దులిపి, బస్సులో తినమని నా చేతిలో పెట్టి మళ్లీ సాళ్లలోకి పోయింది.